అధికారం తొలగిన చిహ్నాలు: పోలీసు వస్తుసేకరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పోలీసు దండాలు, శిరస్త్రాణాలు, ఈలలు, బిళ్లలు సేకరించే అభిరుచి బ్రిటన్‌లో ఇరవయ్యో శతాబ్దంలో బలపడింది. ఈ వస్తువులు అమ్మకానికి తయారైనవి కావు. ప్రభుత్వం ఇచ్చి, తిరిగి పుచ్చుకొనేవి. అవి సేకర్త అలమరలోకి చేరిన మార్గాన్ని, ఆ మార్గాన్ని తెరచిన చట్టాలను, వస్తువు నుంచి దస్తావేజు విడిపోయినప్పుడు చరిత్రకు కలిగే నష్టాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బిళ్ల, డవాలా వంటి అధికారచిహ్నాలకు తెలుగుభాషలో మిగిలిన ఆనవాళ్లను చివరిభాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: పోలీసు చరిత్ర, వస్తుసంస్కృతి, సేకరణ, అధికారచిహ్నం, దండం, బిళ్ల, డవాలా, వలసపాలన

1. ఉపోద్ఘాతం

తపాలాబిళ్ల అమ్మడానికే అచ్చవుతుంది. నాణెం చేతులు మారడానికే ముద్రితమవుతుంది. ఆ రెండింటినీ సేకరించేవారు వాటిని ఎక్కడ సంపాదించారని ఎవరూ నిలదీయరు. పోలీసు టోపీ సంగతి వేరు. అది ఏ దుకాణంలోనూ సరుకు కాదు. ప్రభుత్వం ఒక మనిషికి ఒక పని నిమిత్తం ఇస్తుంది. ఆ పని ముగిసిననాడు వెనక్కి తీసుకొంటుంది. కనుక సేకర్త అలమరలో పోలీసు టోపీ కనిపించినప్పుడు, అది ప్రభుత్వం చేతినుంచి ఎలా జారిందన్న ప్రశ్న దానివెంటే వస్తుంది.

సేకరణను గురించి వెలువడిన రచనలు ఈ ప్రశ్నను చాలావరకు దాటవేశాయి. అవి వస్తువుల అందాన్ని, అరుదుదనాన్ని, ధరను చర్చించాయి. పోలీసు వ్యవస్థ చరిత్ర రాసినవారు చట్టాలను, సంఖ్యలను, అల్లర్లను చర్చించి వస్తువులను చిత్రపటాల స్థాయికి పరిమితం చేశారు. ఈ రెండు రచనాధోరణుల నడుమ ఒక విషయం మరుగున పడింది. ఒక పోలీసు వస్తువు సేకరణకు యోగ్యమయ్యేది దానిలోని అధికారం వేరొకచోటికి మారిన తరువాతనే. ఆ మార్పు ఎప్పుడు, ఏ చట్టంవల్ల జరిగిందో గుర్తిస్తే సేకరణ చరిత్ర దానంతట అదే కాలక్రమంలో అమరుతుంది. ఇందుకు తగిన ఆధారాలు సమృద్ధిగా ఉన్న దేశం బ్రిటన్ కావడంవల్ల చర్చ అక్కడ మొదలవుతుంది. తెలుగు ప్రాంతాలకు ఆధునిక పోలీసు వ్యవస్థ వచ్చినది కూడా ఆ పాలనద్వారానే.

2. కర్రే ఉత్తర్వుగా ఉన్న కాలం

ఇంగ్లండులో వేతనం పుచ్చుకొనే పోలీసు దళాలు ఏర్పడకముందు శాంతిరక్షణ భారం పారిష్ కానిస్టేబులు మీద ఉండేది. పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని గ్రామం లేదా పేట. ఆ ఊరి గృహస్థులలో ఒకరు సాధారణంగా ఏడాదిపాటు జీతం లేకుండా ఈ బాధ్యత మోసేవారు. వారికి యూనిఫారం లేదు. నిన్నటిదాకా రొట్టెలు కాల్చిన మనిషి, చెప్పులు కుట్టిన మనిషి ఈరోజు తమను పట్టుకొనే హక్కు కలిగినవాడని జనం ఎలా నమ్మాలి? అతని చేతిలోని రంగులద్దిన పొట్టి కర్ర ఆ నమ్మకాన్ని కలిగించేది. దానినే ట్రంచన్ అంటారు. తెలుగువారు ఎరిగిన లాఠీకంటే ఇది బాగా పొట్టి. తరువాతి కాలంలో స్థిరపడిన ట్రంచన్ పొడవు సుమారు 15 అంగుళాలు, అనగా మూరకు తక్కువే. దానిమీద కిరీటం, రాజనామపు పొడి అక్షరాలు, ఊరి చిహ్నం చిత్రించేవారు.

ఇదే కుదురుకు చెందిన మరొక వస్తువు టిప్‌స్టాఫ్. ఇది కొనకు కిరీటం బిగించిన చిన్న లోహదండం. కొన్నింటిలో కిరీటం మరతిప్పి ఊడదీస్తే లోపల బోలుగా ఉంటుంది; అరెస్టు ఉత్తర్వు కాగితాన్ని చుట్టి అందులో ఉంచేవారు. 1749లో హెన్రీ ఫీల్డింగ్ బో స్ట్రీట్ న్యాయస్థానం నుంచి పంపడం ప్రారంభించిన మనుషులకు కూడా యూనిఫారం లేదు; వారి గుర్తింపు ఇటువంటి దండాలమీదనే ఆధారపడింది. ఉత్తర్వు కాగితం, దానిని దాచిన దండం, దండం తలమీది కిరీటం అనే మూడూ ఒకే వస్తువులో ఇమిడిన ఈ దశలో దానిని వేడుకకు సేకరించడం ఊహకు అందే విషయం కాదు. దానిని దగ్గర ఉంచుకోవడమంటే రాజాధికారాన్ని దగ్గర ఉంచుకోవడమే.

హోంమంత్రి రాబర్ట్ పీల్ ప్రతిపాదించిన చట్టం ప్రకారం ఏర్పడిన లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 1829 సెప్టెంబరు 29న వీధుల్లోకి వచ్చారు. సైనికుల ఎర్రకోటుతో పోలిక కుదరకుండా నీలికోటును, మామూలు పౌరుల తలమీద కనిపించే పొడవైన టోపీని వారికి ఎంపిక చేశారు. ఇకమీదట పోలీసును దూరంనుంచే పోల్చుకోవచ్చు. అయినప్పటికీ రంగుల కర్ర వెంటనే మాయం కాలేదు. 1835 నాటి పురపాలక చట్టం పట్టణాలకు సొంత పోలీసు దళాలను ఏర్పరచుకొనే బాధ్యతను అప్పగించడంతో ప్రతి పట్టణమూ తన చిహ్నాన్ని కర్రలమీద రాయించుకొంది. నాలుగవ విలియం పేరిటి అక్షరాలున్న కర్ర 1830–37 నడుమదని, విక్టోరియా రాణి పేరిటి అక్షరాలున్నది ఆ తరువాతిదని తేలికగా చెప్పగలగడం ఈ ఆచారం పెట్టిన భిక్ష.

పెద్ద ఎత్తున ఈ కర్రలు ఇళ్లలోకి చేరిన సందర్భం 1848 ఏప్రిల్ 10. చార్టిస్టులు ఓటుహక్కు కోరుతూ కెన్నింగ్టన్ కామన్ మైదానంలో సభ జరిపిన ఆ రోజున ప్రభుత్వం లండన్‌లో సుమారు 85 వేలమందిని ప్రత్యేక కానిస్టేబుళ్లుగా నమోదు చేసుకొంది. అనంతరకాలంలో ఫ్రాన్సు చక్రవర్తి అయిన లూయీ నెపోలియన్ కూడా వారిలో ఒకడు. సభ శాంతియుతంగా ముగిసింది. ఒకరోజు పోలీసులుగా ఉన్న గుమాస్తాలు, దుకాణదారులు ఇళ్లకు వెళ్లారు. వారితోపాటు వెళ్లిన కర్రలు చలిమంటల గూళ్లపైన, మెట్లప్రక్క గోడలమీద మిగిలాయి. పోలీసు స్మారకవస్తువు అనే భావనకు ఆరంభం వెదకదలచినవారు ఇక్కడ ఆగక తప్పదు. ఈ కర్రలను తాతలనుంచి వారసత్వంగా పొందినవారు వాటిని శాంతిరక్షణకు గుర్తుగా తలచుకొన్నారే తప్ప, ఎవరికి వ్యతిరేకంగా అవి పంపకమయ్యాయో తలచుకోలేదు. ఓటు అడిగినవారి కుటుంబాలలో అటువంటి వస్తువు మిగిలే అవకాశమే లేదు. సేకరణలోకి చేరే ఆధారం మొదటినుంచీ ఒక పక్షానిదే అన్నది ఇక్కడ గమనించదగినది.

1856 చట్టం ప్రతి కౌంటీలోనూ పోలీసు దళం ఉండి తీరాలన్నది. యూనిఫారం దేశమంతటా పరిచితమయ్యింది. మనిషి అధికారం కోటుమీదికి, అతని సొంతపేరు రాసిన నియామకపత్రంలోకి మారింది. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో కర్రలకు రంగులు వేయడం మానేశారు. సాదా కర్ర ప్యాంటులో కుట్టిన పొడవైన జేబులోకి పోయి కనుమరుగయ్యింది. ఎవరికీ చూపవలసిన అవసరం లేనప్పుడు బొమ్మ ఎందుకు? సరిగ్గా ఈ దశ తరువాతనే రంగుల కర్ర పాతవస్తువుల దుకాణాలలో ప్రత్యక్షమయ్యింది. 1935లో ఎర్లండ్ ఫెన్ క్లార్క్ ఈ కర్రలమీద ఒక పెద్ద సచిత్ర గ్రంథం వెలువరించాడు. 1952లో ఇ.ఆర్.హెచ్. డికెన్ మరొక చరిత్ర రాశాడు. క్లార్క్ తన గ్రంథనామంలోనే ‘రొమాన్స్’ అన్న మాట వాడాడు. దెబ్బ తిన్నవాని వీపుకు ఆ మాట తోచదు. అయినా ఈ సేకర్తలు లేకుంటే అదృశ్యమైన ఎన్నో చిన్న పట్టణాల పోలీసు దళాల ఉనికికి దృశ్యసాక్ష్యం నేడు ఉండేది కాదన్నది కూడా ఒప్పుకోవలసినదే.

3. వస్తువులో కాలాన్ని చదవడం

వేడుకగా మొదలైన అభిరుచి ఒక విధమైన శాస్త్రదృష్టిని అలవరచుకొన్నది కాలనిర్ణయం విషయంలో. శాసనపరిశోధకుడు లిపిభేదాన్నిబట్టి శతాబ్దాన్ని నిర్ణయించినట్లే పోలీసు వస్తువుల సేకర్త కిరీటం ఆకారాన్నిబట్టి కాలాన్ని నిర్ణయిస్తాడు. ఏడవ ఎడ్వర్డ్ రాజ్యారంభం నుంచి 1952 వరకు బ్రిటిష్ చిహ్నాలమీద ట్యూడర్ కిరీటం కనిపిస్తుంది. దాని కమానులు నునుపుగా గుండ్రంగా పైకి లేస్తాయి. రెండవ ఎలిజబెత్ కాలంలో వచ్చిన సెయింట్ ఎడ్వర్డ్ కిరీటానికి కమానులు నడుమ లోపలికి కుంగి ఉంటాయి. సేకర్తల వాడుకలో మొదటిది రాజకిరీటం, రెండవది రాణికిరీటం. ఒక్క చూపుతో వస్తువు 1952కు ముందుదా, తరువాతిదా తేలిపోతుంది. 2022లో మూడవ చార్లెస్ తిరిగి ట్యూడర్ కిరీటాన్ని ఎంచుకొన్నాడు. కొత్తదాని గీత కొద్దిగా భిన్నమే అయినా, ఇక వందేళ్ల తరువాత ఈ విద్య నేర్వబోయేవారికి చిక్కు తప్పదు.

ఈల సంగతి మరింత ఆసక్తికరమైనది. తొలి మెట్రోపాలిటన్ పోలీసులు సాయం పిలవడానికి చెక్కతో చేసిన గిలకను గిరగిర తిప్పి చప్పుడు చేసేవారు. బరువైన ఆ గిలకకు బదులుగా 1880 దశకం మధ్యలో బర్మింగ్‌హాంకు చెందిన జోసెఫ్ హడ్సన్ తయారుచేసిన ఈల వచ్చింది. దాని ధ్వని మరింత దూరం పోతుంది, చొక్కా జేబులో ఇముడుతుంది. హడ్సన్ సంస్థ తన చిరునామాను ఈల మీదనే ముద్రించేది. కార్ఖానా ఇల్లు మారినప్పుడల్లా ముద్ర మారింది. కనుక నగరపు చిరునామాల పట్టికలతో పోల్చి ఈల వయసును కొద్ది సంవత్సరాల తేడాతో చెప్పవచ్చు. పోలీసు శాఖ దాచిన కాగితాలవల్ల కాక ఒక కర్మాగారం తన ప్రచారంకోసం వేసుకొన్న ముద్రవల్ల కాలం తెలియడం విశేషం.

అధికారం ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు అన్నింటికంటె స్పష్టంగా జవాబిచ్చేది మణికట్టు పట్టీ. పీల్ కాలపు కానిస్టేబులు పనిలో లేనప్పుడు కూడా యూనిఫారంలోనే ఉండాలి. మఫ్టీలో తిరిగే పోలీసు గూఢచారి అవుతాడన్న భయం జనంలో బలంగా ఉండేది. మరి యూనిఫారంలో ఉన్న మనిషి డ్యూటీలో ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది? డ్యూటీలో ఉన్నంతసేపూ ఎడమచేతి కఫ్‌మీద నీలం, తెలుపు చారల పట్టీ కట్టుకొనేవాడు. అది కట్టుకొంటే పోలీసు పనిమీద ఉన్నట్లు, విప్పితే లేనట్లు. మెట్రోపాలిటన్ పోలీసులో ఇది 1968 దాకా కొనసాగింది. వేలంపాటలలో దీనికి శిరస్త్రాణానికి పలికే ధర రాదు. చూడడానికి అదొక గుడ్డపీలిక. చరిత్రకారుడి లెక్కలో మాత్రం దాని విలువ శిరస్త్రాణానికి తీసిపోదు.

శిరస్త్రాణం కూడా మొదటినుంచీ ఉన్నది కాదు. పొడవైన టోపీ స్థానంలో 1863–65 నడుమ లండన్‌లో అది ప్రవేశించింది. నేడు ప్రపంచమంతటా బ్రిటిష్ పోలీసుకు ప్రతీకగా చలామణీ అవుతున్న ఆ ఆకారం పీల్ చూడనిది. 1850లోనే ఆయన మరణించాడు. సినిమాలలో, బొమ్మలలో ఈ కాలదోషం తరచు దొర్లుతుంది.

సేకర్తలు ఎక్కువగా తడబడేది నంబరు దగ్గర. మెట్రోపాలిటన్ పోలీసు కాలరుమీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం డివిజన్‌ను తెలుపుతుంది. అంకె ఆ డివిజన్‌లో మనిషిని తెలుపుతుంది. అతడు వేరొక డివిజన్‌కు బదిలీ అయినా, పదవీవిరమణ చేసినా ఆ అంకె మరొకరికి పోతుంది. అంటే ఒకే కాలరు నంబరును ఒకరి తరువాత ఒకరుగా అనేకులు ధరించి ఉంటారు. దీనికి భిన్నంగా వారంటు నంబరు ఒకసారి ఒకరికి ఇస్తే మరి ఎవరికీ ఇవ్వరు. 1829 నుంచి అదే వరుస. అయితే వారంటు నంబరు టోపీమీద ఉండదు, రిజిస్టరులో ఉంటుంది. లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో మెట్రోపాలిటన్ పోలీసు దస్తావేజులు భద్రంగా ఉన్నాయి. కాలరు నంబరు, డివిజన్ అక్షరం, తేదీ మూడూ తెలిస్తే అక్కడి రిజిస్టర్లలో ఒక మనిషిని వెదకి పట్టుకోవచ్చు. అతని ఎత్తు, పుట్టిన ఊరు, పొందిన శిక్షలు కొన్నిసార్లు బయటపడతాయి. తేదీ తెలియని కాలరు నంబరు ఎవరినీ చూపదు.

ఇక్కడే సంతతోపాటు అబద్ధం ప్రవేశిస్తుంది. 1888లో వైట్‌చాపెల్ హత్యలు జరిగిన ప్రాంతం హెచ్ డివిజన్ పరిధిలోనిది. ఆ అక్షరం ఉన్న వస్తువుకు గిరాకీ ఉండడం సహజం. తేదీ లేని హెచ్ నంబరును ఆ సంవత్సరానికి అంటగట్టడానికి అమ్మేవానికి ఒక వాక్యం చాలు. సాదా పాతకర్రలకు కొత్తగా రంగులద్ది విక్టోరియా కాలపువని అమ్మడం కూడా సేకర్తలకు తెలిసిన మోసమే. కర్ర నిజంగా పాతదే, రంగు మాత్రం నిన్నటిది.

4. రద్దుచట్టాలు, నిండిన అలమరలు

సేకరణకు మంచిరోజులు పోలీసు దళాలకు చెడ్డరోజులు. 1946 చట్టం చిన్న పట్టణాల దళాలను చాలావరకు కౌంటీ దళాలలో కలిపివేసింది. 1964 చట్టం తరువాత జరిగిన విలీనాలతో ఇంగ్లండు, వేల్సులలో దళాల సంఖ్య 117 నుంచి 49కి తగ్గింది. 1974లో స్థానిక పాలన పునర్వ్యవస్థీకరణ జరిగి అది 43 అయ్యింది. ప్రతి విలీనంతోనూ ఒక పేరు, ఒక చిహ్నం, ఒక టోపీబిళ్ల చెల్లనివి అయ్యాయి. స్టేషన్ల సామానుగదులు ఖాళీ చేసినప్పుడు బయటపడిన పాత బిళ్లలను పదవీవిరమణకు దగ్గరపడిన కానిస్టేబుళ్లు ఇంటికి తీసుకుపోయారు, మిగిలినవి చెత్తలోకి పోయాయి. సేకర్తలలో పెద్దవంతు పోలీసులే, లేదా పోలీసు కుటుంబాలవారే కావడానికి ఇది ఒక కారణం. 1985లో పోలీస్ హిస్టరీ సొసైటీ ఏర్పడింది. అదే సంవత్సరం మెర్విన్ మిటన్ పోలీసు పాతవస్తువులమీద ఒక పుస్తకం ప్రచురించాడు. స్కాట్లండులో 2013 ఏప్రిల్ 1న ఎనిమిది దళాలు ఒక్కటి అయినప్పుడు ఇదే కథ మళ్లీ జరిగింది.

స్త్రీల వస్తువుల ప్రసక్తి ఈ సేకరణలలో స్వల్పం. మెట్రోపాలిటన్ పోలీసులో మహిళావిభాగం 1973 దాకా విడిగా నడిచింది. వారికి చేతిసంచీ ఇచ్చి, అందులో పట్టేటట్లుగా మరింత పొట్టిదైన దండాన్ని తయారుచేయించారు. పురుషుని జేబును ఉద్దేశించి పుట్టిన ఆయుధాన్ని స్త్రీ చేతిసంచీకి సరిపెట్టిన ఆ ఆలోచనలో ఆనాటి శాఖ దృష్టి అంతా కనిపిస్తుంది. చాలాకాలం సేకర్తలు దానిని వింతవస్తువుగానే లెక్కించారు.

5. పోలీసులే సేకర్తలైనప్పుడు

ఇంతవరకు చెప్పుకొన్నది పోలీసుల వస్తువులను ఇతరులు సేకరించడం. ఇతరుల వస్తువులను పోలీసులు సేకరించడం దీనికి మరొక ముఖం. 1869 నాటి ఖైదీల ఆస్తి చట్టం కొన్ని వస్తువులను బోధన నిమిత్తం ఉంచుకొనే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. 1874లో ఇన్‌స్పెక్టర్ పెర్సీ నీమ్ స్కాట్లండ్ యార్డులో అటువంటివాటిని పోగుచేయసాగాడు. కన్నంకోల, మారుతాళం, విషపు సీసా ఎలా ఉంటాయో కొత్తగా చేరినవారికి చూపడం ఉద్దేశం. 1877లో లోపలికి ప్రవేశం దొరకని ఒక పత్రికా రచయిత దానికి ‘బ్లాక్ మ్యూజియం’ అని పేరుపెట్టాడు, పేరు నిలిచిపోయింది. నేటి అధికారిక నామం క్రైమ్ మ్యూజియం. ఆర్థర్ కానన్ డాయిల్, హారీ హుడీనీ దానిని సందర్శించినవారిలో ఉన్నారు. సామాన్యులకు ప్రవేశం లేదు.

2015 అక్టోబరులో మ్యూజియం ఆఫ్ లండన్ ఈ వస్తువులలో కొన్నింటిని తొలిసారి ప్రజల ముందుంచినప్పుడు ఒక సమస్య నిర్వాహకుల ముందుకు వచ్చింది. హంతకుని కత్తి పోలీసుకు పాఠ్యసామగ్రి, సందర్శకునికి వింత. హతురాలి కూతురికి అది తల్లి ప్రాణం తీసిన కత్తి. ఒక్కొక్క నేరాన్ని విడిగా చూపిన విభాగంలో 1975 తరువాతి కేసులను చేర్చరాదని వారు నిర్ణయించారు. ఆ గీత ఎక్కడ గీయాలన్నది వివాదాస్పదం కావచ్చు. గీయవలసి వచ్చిందన్నదే ప్రధానం. టోపీ, ఈల సేకరించే అభిరుచి గలవారు తమ అలమరలో ఇటువంటి గీత అక్కరలేదనుకొంటారు. కాని అల్లర్ల కాలపు డాలు, సంకెళ్లు, జైలు తాళాలు కూడా వారి అలమరలలోనే ఉంటాయి. సంకెలకు రెండువైపులా మనుషులున్నారు. అమ్మకపు జాబితాలో తయారీదారు పేరు తప్ప ఇద్దరిలో ఏ ఒక్కరి పేరూ ఉండదు.

6. చట్టం చూపు

మిగిలిన సేకరణలకు లేని ఇబ్బంది ఈ అభిరుచికి ఒకటున్నది. వస్తువులోని అధికారం పూర్తిగా పోయిందని చట్టం సులభంగా నమ్మదు. ఇంగ్లండులో 1996 నాటి పోలీసు చట్టం 90వ సెక్షన్ వేషధారణను నేరంగా పరిగణించడమే కాక, పోలీసు యూనిఫారంలోని ఏ భాగాన్నయినా కానిస్టేబులు కాని వ్యక్తి తనవద్ద ఉంచుకోవడాన్ని కూడా నేరం కిందికి తెచ్చింది. న్యాయమార్గంలో పొందానని, న్యాయమైన ప్రయోజనానికే ఉంచుకొన్నానని అతడే రుజువు చేసుకొంటే మినహాయింపు ఉంది. రుజువు చేసుకొనే భారం సేకర్తదే. అమెరికా ఫెడరల్ చట్టం ఇందుకు భిన్నంగా పోలీసు బిళ్లల రవాణాను నియంత్రిస్తూనే జ్ఞాపికగా, సేకరణలో భాగంగా, అలంకరణకు, నాటకానికి ఉపయోగించేవాటిని పేరుపెట్టి మినహాయించింది. సేకర్త అనే మనిషి ఉన్నాడని గుర్తించిన చట్టమది.

భారతదేశంలో 1860 నాటి శిక్షాస్మృతి 171వ సెక్షన్ ప్రభుత్వోద్యోగి దుస్తులు ధరించడాన్ని, చిహ్నం ధరించి తిరగడాన్ని మోసపుచ్చే ఉద్దేశం ఉన్నప్పుడే నేరమన్నది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే భావం 205వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. జుర్మానా పరిమితి 200 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఇక్కడ ప్రశ్న వస్తువు గురించి కాదు, ఉద్దేశం గురించి. పాత టోపీని అద్దాలబీరువాలో ఉంచినవాడు ఈ సెక్షన్ కిందికి రాడు. ఇక 1861 నాటి పోలీసు చట్టం 8వ సెక్షన్ ప్రతి పోలీసుకూ ఒక నియామకపత్రం ఇవ్వాలని, ఉద్యోగం వదలిన వెంటనే అతడు దానిని తిరిగి అప్పగించాలని నిర్దేశించింది. ఆధునిక పోలీసు అధికారం ఎక్కడ నివసిస్తుందో ఈ చట్టం తేటగా చెప్పింది. చట్టం అడిగి తీసుకొన్న పత్రాలు కార్యాలయాలకు చేరాయి. అందుచేతనే పాతవస్తువుల సంతలో బిళ్లలు, బకిళ్లు కనిపించినంతగా నియామకపత్రాలు కనిపించవు.

7. తెలుగు ప్రాంతాలలో: బిళ్ల, డవాలా, కెపీ

మద్రాసు రాజధానికి 1859లోనే ప్రత్యేక పోలీసు చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు దాని పరిధిలోనివి. నిజాం రాజ్యంలో హైదరాబాదు నగర రక్షణ కొత్వాలు చేతిలో ఉండేది. 1920 నుంచి 1934 వరకు ఆ పదవి నిర్వహించిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరు తెలంగాణ సాంస్కృతిక చరిత్రలో సుపరిచితం. ఈ రెండు పాలనలలోనూ అధికారం మనిషి దేహంమీద కనిపించే తీరు ఇంగ్లండుకంటె భిన్నమైనది. అక్కడ కర్ర చేసిన పని ఇక్కడ నడుముకో, భుజానికో కట్టిన ఇత్తడి బిళ్ల చేసింది.

భాష ఇందుకు సాక్ష్యం. ‘బిళ్లబంట్రోతు’ అన్న సమాసంలో బంట్రోతును బంట్రోతుగా నిలబెట్టేది బిళ్ల. ‘డవాలా బంట్రోతు’ అన్నప్పుడు భుజంమీదుగా ఏటవాలుగా వేసుకొనే పట్టీ ఆ పని చేస్తుంది. హిందీ, ఉర్దూలలోని ‘చప్రాసీ’ అన్న మాట ‘చప్రాస్’ నుంచి వచ్చింది. చప్రాస్ అంటే కార్యాలయం పేరు చెక్కిన ఆ బిళ్లయే. మూడు మాటలలోనూ మనిషికి పేరు అతని చిహ్నంనుంచే వచ్చింది. ఇంగ్లీషులో పోలీసుకు వ్యవహారంలో స్థిరపడిన ‘బాబీ’, ‘పీలర్’ అన్న మారుపేర్లు రాబర్ట్ పీల్ పేరునుంచి పుట్టాయి. అక్కడ చట్టం చేసిన మంత్రి పేరు జనం నోట నిలిస్తే, ఇక్కడ మంత్రి కనబడలేదు, బిళ్ల కనబడింది. కలెక్టరు కచేరీనుంచి వచ్చినవాడా, ఠాణానుంచి వచ్చినవాడా అన్న తేడాకంటె బిళ్ల ఉన్నవాడా లేనివాడా అన్న తేడాయే పల్లెజనానికి ముఖ్యమైనదిగా ఈ పదాలు సూచిస్తాయి. పోలీసు వస్తుసేకరణను తెలుగు ప్రాంతానికి అన్వయించదలచినవారు ఇంగ్లండు పద్ధతిలో పోలీసు బిళ్లను ఇతర శాఖల బిళ్లలనుంచి కచ్చితంగా వేరుచేయబూనితే ఈ వాస్తవం జారిపోతుంది.

వస్తువులో అధికారం సజీవంగా ఉన్నప్పుడు దానిని తీసుకొనేవాని చర్య ఎలా ఉంటుందో రంపా పితూరీ చూపుతుంది. 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు వరుసగా మూడు రోజులు అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లమీద దాడిచేసి తుపాకులు, మందుగుండు పట్టుకుపోయింది. తీసుకుపోతున్న వస్తువులను స్టేషను రికార్డులో రాసి రాజు సంతకం చేసినట్లు పితూరీ చరిత్రలు పేర్కొంటాయి. స్టేషను సామానును లెక్కరాసి అందుకోవడం అధికారి చేసే పని. ఆ పనిని ఆయన చేశాడు. సేకర్త కోరేది అధికారం ఆరిపోయిన వస్తువును; రాజు తీసుకొన్నది అధికారాన్నే.

1950 జనవరి 26 తరువాత భారతీయ పోలీసు చిహ్నాలమీద కిరీటం పోయి అశోకుని సింహశీర్షం వచ్చింది. బ్రిటిష్ సేకర్తకు 1952 ఎటువంటి సరిహద్దో ఇక్కడ 1950 అటువంటిది. దానిపైన తెలుగువారికి మరి మూడు తేదీలున్నాయి: 1953 అక్టోబరు 1, 1956 నవంబరు 1, 2014 జూన్ 2. రాష్ట్రం పేరు మారిన ప్రతిసారీ ఆ పేరు మోసే ఫలకాలు, ముద్రలు, చిహ్నాలు మారవలసి వచ్చింది. బ్రిటన్‌లో విలీనచట్టాలు సేకర్తలను పుట్టించినట్లు ఈ తేదీలు తెలుగునాట పుట్టించలేదు. చెల్లని సామానును లెక్కచూసి వేలం వేయడం, కరిగించడం, తగలబెట్టడం ఇక్కడి కచేరీల అలవాటు; తాత బిళ్లను గోడకు తగిలించుకొనే సంప్రదాయం బంట్రోతుల, కానిస్టేబుళ్ల ఇళ్లలో బలపడలేదు. ఆ బిళ్ల అంటే ఆ ఇళ్లకు గౌరవంతోపాటు దొరగారి ముందు చేతులు కట్టుకొని నిలబడిన జ్ఞాపకం కూడా.

యానాం ఇందుకు కొంత మినహాయింపు. 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ఈ తెలుగు పట్టణం పుదుచ్చేరి పాలనలో కొనసాగడంవల్ల అక్కడి కానిస్టేబులు తలమీద ఫ్రెంచివారి ఎర్ర కెపీ ఈనాటికీ ఉన్నది. చుట్టూ ఉన్న గోదావరి జిల్లాల పోలీసుల టోపీతో దానికి పోలిక లేదు. ప్యారిస్‌లో పాతవస్తువుగా అమ్ముడుపోయే టోపీ యానాంలో డ్యూటీ చేస్తున్నది.

కంపెనీ కాలపు, రాణి కాలపు చప్రాసీ బిళ్లలు మాత్రం బ్రిటన్ వేలంపాటలలో తరచుగా కనిపిస్తాయి. వాటిమీద కార్యాలయం పేరు, ఒక అంకె, కొన్నింటిమీద ఆంగ్లంతోపాటు స్థానిక లిపి ఉంటాయి. పదవీవిరమణ చేసి స్వదేశానికి పోయిన అధికారుల పెట్టెలలో ఓడ ఎక్కినవి వాటిలో అనేకం. ధరించినవాడు బిళ్లను కార్యాలయానికి అప్పగించాడు. కార్యాలయంనుంచి అది దొరగారి జ్ఞాపికగా వెళ్లింది. వేలం జాబితాలో దానిని అలంకారవస్తువుగా వర్ణిస్తారు. లండన్ కాలరు నంబరుకు వర్తించే సూత్రమే దీనికీ వర్తిస్తుంది: అంకె, కార్యాలయం, తేదీ మూడూ కలిస్తేనే ధరించినవాని పేరుదాకా పోవడానికి దారి తెరుచుకొంటుంది. ఇత్తడి రేకు వెనుక అతుకుల తీరునుబట్టి, కిరీటం ఆకారాన్నిబట్టి తేదీని ఇంచుమించుగా నిర్ణయించవచ్చు. కార్యాలయం పేరు బిళ్లమీదనే ఉంటుంది. లిపిలో గుణింతపు దోషాలు, అక్షరాల పొందిక స్థానిక కంసాలి చేతిపనిని పట్టిస్తాయి కనుక తెలుగు లిపి ఉన్న బిళ్లలను పరిశీలించడం భాషాశాఖలవారు చేయదగిన పని. అంకె వెనుక మనిషిని వెదకవలసిన చోట్లు, మద్రాసు జిల్లాలకైతే చెన్నై ఎగ్మూరులోని దస్తావేజుల భాండాగారం, నిజాం ఇలాకాకైతే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, జిల్లా కచేరీలలో ఇంకా మిగిలి ఉన్న జీతాల పట్టీలు.